మళ్లా పేజీలన్నీ మొదట్నించి జరపాలంట!

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపులో నా థీసిస్ పట్టుకోని కూర్చోని ఇది మూడో రోజప్పా. ఒక్క బొమ్మ చేర్చమన్యా, అంతే, వెనకాల 40 పేజీలు కిందికి జారిపాయ, విషయసూచికలో నంబర్లన్నీ తప్పు, ఆ పిల్లోడు మౌస్ పట్టుకోని ఒక్కొక్కటే చేత్తో దిద్దుతాండాడు. "రేపు రా అన్నా" అంట. ఎన్ని రేపులు సామీ? ఈ షాపులో వాడే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చింది 1985లో, ఇంగా దాన్నే పట్టుకోని యాలాడాల్నా? లాటెక్ అని ఇంగో పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఉండాది, దాంట్లో ఐతే ఇది అధ్యాయం, ఇది బొమ్మ అని గుర్తు రాస్తే చాలు, నంబర్లు అదే ఏసుకుంటాది (రెండు మూడుసార్లు రన్ చేయాల, అది వేరే సంగతి). దాని అడుగునుండే టెక్ అనే అసలు ప్రోగ్రామును కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనుత్ 1978లోనే చేసినాడు, అదీ తన పుస్తకం అచ్చు బాగలేదని కడుపు మండి! పెండ్లి పత్రికకు మౌసే మేలు, ఒప్పుకుంటా. 300 పేజీలకు గూడానా? పోనీ ఇంట్లోనే లాటెక్‌లో చేసుకుందామంటే మా గైడ్ సారేమో వర్డ్ ఫైలే తెమ్మంటాడు.