చిన్న ట్రాక్టర్‌కి గుడ్డ క్యాబ్ చాలు, లోపల గ్యాస్ పొయ్యి మాత్రం వద్దు

ఈ పోస్టు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకి దక్షిణాన, లేక్ ఈరీ మంచు నేరుగా వచ్చి నెత్తిన పడే ఊళ్లలో ఉండే మనవాళ్ల కోసం. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్లు చదివి నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

మా వైపు రెండు మూడు ఎకరాలతో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఈమధ్య బాగానే పెరిగారు. ఇల్లు రోడ్డుకి దూరం, డ్రైవ్‌వే పొడుగు. వెనక నడుస్తూ తోసుకెళ్లే, మంచు ఎగరేసి దారి తీసే స్నో బ్లోయర్‌తో ఒక చలికాలం తంటాలు పడ్డాక చాలామంది కుబోటానో జాన్ డీరో చూసుకుని 25 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్ ఒకటి కొంటారు. 25 దాటితే ఇక్కడి పొగ నిబంధనల వల్ల సాధారణంగా ఇంజిన్‌కి మసి ఫిల్టర్ వచ్చి చేరుతుంది, ఆ గోల మనకెందుకని. అంతవరకూ అందరూ తెలివిగానే ఉంటారు. జనవరిలో ఏ అడ్డూ లేని ఆ సీటు మీద కూర్చున్నాక గ్రూపులో మెసేజ్ పెడతారు: "అన్నా, క్యాబ్ (సీటు చుట్టూ గది) వేయించాలా?"

అంతే, రెండు పార్టీలు దిగిపోతాయి. ఒకటి ఓర్పు పార్టీ: "ఒళ్లంతా కప్పే మంచి కవరాల్ కొనుక్కో బ్రో, ఇక్కడి రైతులు తాతల కాలం నుంచీ ఇలాగే చేస్తున్నారు." రెండోది షోరూం పార్టీ: "ఫ్యాక్టరీ క్యాబ్ ఉన్నది కొనాల్సింది, ఇప్పుడు ఏం తగిలించినా డబ్బు దండగ." ఈ రెండు జవాబులూ వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు ఓర్పు పార్టీ సంగతి. ఇక్కడి రైతులు ఊరికే చలిలో కూర్చున్నారన్న మాట శుద్ధ అబద్ధం. క్యాబ్‌లు లేని కాలంలోనే మిడ్‌వెస్ట్ రైతులు హీట్ హౌజర్ అని ఒకటి కట్టుకునేవారు. ఇంజిన్‌కి రెండు పక్కలా మందపాటి కాన్వాస్ గుడ్డ, ముందు చిన్న అద్దం. ఇంజిన్ ఫ్యాన్ వెనక్కి తోసే వేడిగాలి పక్కలకి పోకుండా నేరుగా డ్రైవర్ కాళ్ల మీదికి, ఒంటి మీదికి వస్తుంది. కరెంటు లేదు, గ్యాస్ లేదు. ఆ సరుకు ఇప్పటికీ అమ్ముతున్నారు. తాతల పేరు చెప్పి ఓర్చుకోమనేవాళ్లు ఆ తాతలు ఏం చేశారో కూడా కాస్త తెలుసుకుంటే బాగుంటుంది.

అసలు దెబ్బ కొట్టేది గాలి. బయట సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ ఉందనుకోండి. గంటకి 15 మైళ్ల గాలి తోడైతే నేషనల్ వెదర్ సర్వీస్ పట్టిక ప్రకారం ఒంటికి మైనస్ 28 సెల్సియస్‌లా తగులుతుంది. అరగంటలో ముఖం మీద బయటికి కనిపించే చర్మం గడ్డకట్టే స్థాయి అది. మధ్యలో ఒక పొర అడ్డం పెడితే, హీటర్ వెలిగించకుండానే ఆ పది డిగ్రీల బాధ పోతుంది. పైగా ట్రాక్టర్‌కి తగిలించిన స్నో బ్లోయర్ పని ఊరికే కూర్చునే పని కాదు. బ్లోయర్ ఎగరేసిన పొడి మంచు ఎదురుగాలికి తిరిగొచ్చి మన మీదే పడుతుంది. మెడ దగ్గర కాలర్ సందులోంచి లోపలికి జారి కరుగుతుంది. కళ్లజోడు మీద పడి, మన ఊపిరి ఆవిరితో కలిసి పేరుకుని గడ్డవుతుంది. చేతి తొడుగుతో తుడిస్తే ఇంకా అలుముకుంటుంది. వెనక తగిలించే బ్లోయర్ అయితే మెడ వెనక్కి తిప్పి రివర్స్‌లో నడపాలి కాబట్టి చెంప నేరుగా గాలికి అప్పగించినట్టే. ఇలా కళ్లు కనపడని మనిషి చేతిలో తిరిగే యంత్రం ఉండటం మగతనమా, ప్రమాదమా, మీరే చెప్పండి.

2022 నవంబరులో బఫెలో దగ్గరున్న ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో 80 అంగుళాల మంచు పడింది. ఆ డిసెంబరు మంచు తుఫాను, బ్లిజార్డ్‌లో బఫెలో ప్రాంతంలో 40 మందికి పైగా పోయారు. ఈ ప్రాంతంలో ఉంటూ చలి గురించి పందెం మాటలు మాట్లాడేవాళ్లని చూస్తే నాకు నిజంగానే టెన్షన్ వస్తుంది.

మా నాన్నదీ ఓర్పు పార్టీయే అనుకోండి. తెనాలి నుంచి ఫోన్‌లో, "ట్రాక్టర్‌కి హీటర్ ఏంట్రా? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో టాపు కూడా లేకుండా దున్నినోళ్లం మేము" అన్నాడు. నాన్నా, ఇప్పుడు అక్కడా ఏసీ క్యాబిన్ ట్రాక్టర్లు అమ్ముతున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు అంటే వినడు.

ఇక షోరూం పార్టీ. ఫ్యాక్టరీ క్యాబ్ బాగుంటుంది, కాదనను. అద్దాలు, వైపర్, ఏసీ, హీటర్, అన్నీ ఉంటాయి. కానీ క్యాబ్ లేని మోడల్‌కీ ఉన్నదానికీ మధ్య వేల డాలర్ల తేడా. కొనేసిన ట్రాక్టర్ అమ్మి మళ్లీ కొనమనడం సలహా కాదు, వెక్కిరింపు. ఇంకో సంగతి, ఎవరూ చెప్పనిది: మన ఇళ్ల గ్యారేజ్ తలుపు ఎత్తు మామూలుగా 7 అడుగులు. సీటు వెనక ఉండే రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే ఇనప కమ్మీ) మడిచి ట్రాక్టర్‌ని లోపల పెట్టుకుంటున్నాం. క్యాబ్‌ని మడవలేం కదా. షెడ్డు ఉన్నవాళ్లకి పర్లేదు, లేనివాళ్లు క్యాబ్‌తో పాటు షెడ్డూ కట్టుకోవాలి. వేసవిలో యాపిల్ చెట్ల కింద గడ్డి కొయ్యాలన్నా అదే తిప్పలు. గుడ్డ క్యాబ్ కొనేటప్పుడు కూడా ఈ ఎత్తు కొలుచుకోవాలి. కాకపోతే ఏప్రిల్‌లో విప్పి అటక మీద పెట్టేయొచ్చు.

అందుకే నా ఓటు గుడ్డ క్యాబ్‌కి. ఇనప ఫ్రేము, దాని మీద మందపాటి గుడ్డ, పారదర్శకంగా వినైల్ కిటికీలు, ముందు భాగం మాత్రం గట్టి అద్దం ఉన్నదే తీసుకోండి. వినైల్ మీద వైపర్ నడవదు, గీతలు పడిపోతాయి. గట్టి ప్లాస్టిక్ పాలీకార్బొనేట్ కూడా అంతే, కాస్త ఆలస్యంగా. ముందు అద్దం దగ్గర కక్కుర్తి పడొద్దు.

వేడి కోసం ఇంజిన్ నీళ్లనే వాడుకోండి. కారులో ఉండే హీటర్ లాంటిదే ఇది కూడా. ఇంజిన్‌లో తిరిగే వేడి కూలెంట్‌ని రెండు గొట్టాలతో క్యాబ్‌లోని చిన్న రేడియేటర్‌కి తెచ్చి, వెనక ఒక 12 వోల్టుల ఫ్యాన్ పెడతారు. వేడి ఎలాగూ ఇంజిన్ పారేసేదే కాబట్టి ఖర్చు ఫ్యాన్ కరెంటు వరకే. బయట నడిచే గొట్టాలకి ఫోమ్ తొడుగు వేయించండి, లేకపోతే వేడి దారిలోనే సగం పోతుంది. డీజిల్ ఇంజిన్ ఊరికే ఐడిల్‌లో ఉంచితే వేడెక్కదన్న సంగతి కూడా గుర్తుండాలి. పనిలో పెడితేనే హీటర్ పని చేస్తుంది. స్టార్ట్ చేసి, టీ తాగొచ్చేలోపు క్యాబ్ వెచ్చగా అయిపోతుందనుకుంటే నిరాశే. రాత్రి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టి ఉంచితే మాత్రం పొద్దున పని తొందరగా అవుతుంది, స్టార్టింగ్ బాధ కూడా ఉండదు.

ఆన్‌లైన్‌లో కనిపించే 12 వోల్టుల కరెంటు హీటర్ల జోలికి వెళ్లొద్దు. 150 వాట్ల హీటర్‌కి పన్నెండున్నర ఆంపియర్లు కావాలి, దాంతో వేళ్లు కూడా వెచ్చబడవు. ఇంట్లో వాడే 1500 వాట్ల హీటర్ అంత వేడి కావాలంటే 125 ఆంపియర్లు. ఈ చిన్న ట్రాక్టర్ల ఆల్టర్నేటర్లు అంత ఎక్కడ ఇస్తాయి?

ఇప్పుడు నన్ను ఈ పోస్టు రాయించిన అసలు విషయం. పోయిన వారం ఒకాయన గుడ్డ క్యాబ్ లోపల, కాళ్ల పక్కన, క్యాంపింగ్‌కి వాడే ప్రొపేన్ హీటర్ పెట్టుకుని ఫోటో పెట్టాడు. కింద నలభై లైకులు, "సూపర్ ఐడియా గురూ" అని కామెంట్లు. నాయనా, అది జిప్పు వేసుకున్న గుడారం. మంట లోపలి గాలినే తాగుతుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, మత్తు వచ్చి, చలికి అలసట అనుకునేలోపే పని అయిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే హీటర్‌ని ఆపేసే సెన్సార్ ఉందిగా అంటారు. కుదుపులకి ఎగిరే ట్రాక్టర్‌లో, చుట్టూ గుడ్డ, కింద డీజిల్, పక్కన సిలిండర్ పెట్టుకుని సెన్సార్ మీద భారం వేస్తారా?

ప్రాణం సంగతి పక్కన పెట్టినా అది పనికిరాదు. ప్రొపేన్ కాలితే నీటి ఆవిరి వస్తుంది, కిలో గ్యాస్‌కి కిలోన్నరకి పైగా. ఆ ఆవిరంతా వెళ్లి చల్లటి కిటికీల మీద పట్టి, లోపలి వైపే మంచు కడుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వెచ్చదనం కోసం చూపు పోగొట్టుకోవడం. ఇంజిన్ కూలెంట్‌కి గొట్టాలు తగిలించడం కుదరని ట్రాక్టర్ అయితే ట్రక్కుల్లో వాడే డీజిల్ హీటర్ పెట్టుకోవచ్చు. దాని మంట హీటర్ లోపలే మూసి ఉన్న అరలో ఉంటుంది, పొగ గొట్టం బయటికి పోతుంది, బిగింపు సరిగ్గా ఉన్నంతవరకూ. ఏ హీటరైనా సరే, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి లోపల కట్టండి. నేల సందుల్లోంచి ఇంజిన్ పొగ కూడా లోపలికి రావచ్చు.

బిగించేటప్పుడు రోల్ బార్‌కి రంధ్రాలు పెట్టనివ్వొద్దు, వెల్డింగ్ అసలే వద్దు. బోల్తా పడితే మన తల కాపాడేది అదొక్కటే, గుడ్డ క్యాబ్ ఏమీ ఆపదు. క్లాంపులతో పట్టుకునే కిట్లే తీసుకోండి. రోల్ బార్ నిటారుగా పెట్టి, బెల్టు పెట్టుకునే నడపండి. చప్పుడు కూడా పెరుగుతుంది, ముఖ్యంగా రేకు టాపు ఉంటే ఇంజిన్ మోత లోపలే తిరుగుతుంది. చెవులకి మఫ్స్ తప్పవు.

కొనేవాళ్లు జూలై, ఆగస్టుల్లోనే ఆర్డర్ పెట్టండి. మొదటి మంచు పడ్డాక డీలర్లు ఫోన్ ఎత్తేసరికి ఫిబ్రవరి వస్తుంది. బిగించడం సెప్టెంబరు ఎండలోనే అయిపోవాలి, చలిలో వినైల్ బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది. జిప్పులకి సిలికాన్ స్ప్రే కొట్టి ఉంచండి. సెకండ్ హ్యాండ్‌ది దొరికితే మంచిదే గానీ, మోడల్ నంబరుతో పాటు ముందు లోడర్ (మట్టి, మంచు ఎత్తే తొట్టి) ఉందా, రోల్ బార్ మడిచేదా కాదా అన్నవి కూడా సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఆ ప్రొపేన్ ఫోటో పెట్టినాయన ఇది చదువుతుంటే, నా దగ్గర హీటర్ గొట్టాలకి వాడే T ఆకారపు జాయింట్లు రెండు మిగిలాయి. వచ్చి తీసుకెళ్లండి, శనివారం కూర్చుని బిగించేద్దాం.