మీ ఛాయగారు క్షేమమేనా?

సూర్యుడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి తన నీడను అచ్చం తనలాగే తయారుచేసి ఇంట్లో నిలబెట్టి పుట్టింటికి వెళ్లిపోయిందని పురాణం. ఆ నీడ పేరు ఛాయ. సూర్యుడంతటివాడు చాలాకాలం ఛాయతోనే కాపురం చేశాడు, తేడా కనిపెట్టలేకపోయాడు. ఆయనకు వెయ్యి కిరణాలున్నాయి. మన ప్రభుత్వాలకు సర్వర్లు మాత్రమే ఉన్నాయి, అవీ అవసరమైన రోజే మొరాయిస్తాయి. కాబట్టి ప్రతి పేదవాడికీ ఒక ఛాయ ఉందని, ప్రభుత్వం కాపురం చేస్తున్నది ఆ ఛాయతోనేనని ఒప్పుకుంటే, పింఛను ఎందుకు ఆగింది, కార్డు ఎందుకు పోయింది వంటి చిల్లర ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి.

ఛాయగారంటే సర్కారు కంప్యూటర్లలో మీ పేరున ఉన్న వివరాలు, నివాసం ఆన్‌లైన్. గ్రామ సచివాలయంలో బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి మీ మొహం చూడకుండా తెర వంకే చూస్తుంటాడు కదా, అది అమర్యాద కాదు. పెద్దవారు గనుక ముందు ఛాయగారిని పలకరిస్తున్నాడు. ఆ తర్వాతే మీ వైపు తిరిగి, "మీకు కారున్నట్టు చూపిస్తోందండీ" అంటాడు. మీ కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి అతనికీ కనబడుతూనే ఉంది. కానీ చెప్పుల లెక్క ఏ డేటాబేసులోనూ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక ఛాయగారి శీల పరీక్షకు ఒక పద్ధతి ఏర్పడింది. సీతమ్మకు ఒక్క అగ్నిపరీక్షతో సరిపెట్టారు గానీ, బియ్యం కార్డుకైనా పింఛనుకైనా ఆరున్నాయి. ఉద్యోగులు ముద్దుగా 'సిక్స్ స్టెప్' అంటారు. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 రూపాయలు మించకూడదన్నది అటుంచి, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపినా 10 దాటకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. పట్టణంలో సొంతిల్లు 1000 చదరపు అడుగుల లోపే ఉండాలి. నాలుగు చక్రాల బండి ఉండరాదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పర్వాలేదు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండరాదు. ప్రభుత్వోద్యోగీ ఉండరాదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు.

మీరు ఆరింటిలోనూ పాసయ్యే మనిషే. ఫెయిలయ్యేది ఛాయగారు.

కరెంటు పరీక్షే తీసుకోండి. మీరు ఉండేది అద్దె గది, ఒక ఫ్యాను, ఒక బల్బు. ఎప్పుడో సర్వీసు నంబర్లకు ఆధార్ కలపమన్నారు, ఆ పూట ఓనరుగారు ఊళ్లో లేరు, చేతికందిన మీ ఆధార్ నంబరు ఎక్కించేశారు. ఓనరుగారి పై అంతస్తులో ఏసీలు తిరుగుతుంటే ఇక్కడ ఛాయగారికి చలి పెడుతోంది. దీనికి సచివాలయంలో ఎంత బతిమాలినా లాభం లేదు, ఎందుకంటే ఆ మీటరు వాళ్లది కాదు. ముందు ఏ సర్వీసు నంబరు మీ మీద పడిందో అక్కడ అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఆ నంబరు పట్టుకుని కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరికి వెళ్లి, మీ ఇంటి బిల్లులు, ఆధార్ నకలు జతచేసి, సీడింగ్, అంటే ఆ నంబరుకు కలిపిన మీ ఆధార్, తీసేయమని అర్జీ ఇవ్వాలి. తీసేశామన్న మాట నోటితో చెబితే చాలదు, సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలి. దాన్ని మళ్లీ సచివాలయంలో అభ్యంతరం కింద నమోదు చేయించాలి. ఈ చివరి మెట్టు మరిచినవాళ్ల ఛాయలు ఏసీ గదుల్లోంచి ఇంకా బయటికి రాలేదు.

భూమి కథ ఇంకా గంభీరమైనది. తాత పదేళ్ల కిందట అమ్మేసిన చేను కొన్నవాడి అనుభవంలో ఉంటుంది, పంట కొన్నవాడి గాదెలో ఉంటుంది, ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో మాత్రం ఛాయగారి పేరున పచ్చగా ఉంటుంది. కొన్నవాడు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోకపోతే జరిగేది ఇదే. ఒక్కోసారి మీ ఆధార్ నంబరు ఇంకెవరి ఖాతాకో తగులుకుంటుంది. 1బీ, అడంగల్ అనే భూరికార్డుల నకళ్లు తీయించి, ఖాతా నంబరుతో సహా వీఆర్వోకు చూపించి, తహశీల్దారు ఆఫీసులో సరిచేయించాలి. పనికి ఎన్నాళ్లు పడుతుందని అడగకండి. భూమి ఎక్కడికీ పోదు, మీరూ పోకండి.

ఇక ఆదాయపు పన్ను. ఊళ్లో ఎవరో లోన్ ఇప్పిస్తానని చెప్పి, బ్యాంకులో చూపించడానికని మీ పేర రిటర్న్ వేయించి ఉంటాడు. లోన్ రాలేదు. పన్ను కట్టింది సున్నా. అయినా ఆ ఒక్క కాగితంతో ఛాయగారు దేశ నిర్మాణంలో పాలుపంచుకునే సంపన్నుల జాబితాలో చేరిపోయే ప్రమాదం ఉంది. కారూ ఇంతే. అమ్మేసినప్పుడు ఫారం 29, 30 ఇచ్చి ఆర్సీ మార్పించకపోయినా, ఫైనాన్స్ కోసం బావమరిదికి ఆధార్ ఇచ్చినా, బండి ఆయన తోలుతాడు, యజమాని మాత్రం ఛాయగారే.

ఇదంతా ఒక్క ఆంధ్రకే దక్కిన భాగ్యం అనుకుంటే తెలంగాణకు అన్యాయం చేసినట్టే. అక్కడ 2014 ఆగస్టు 19న రాష్ట్రం మొత్తం పనులు మానుకుని, ఎక్కడెక్కడివాళ్లూ బస్సులెక్కి సొంతూళ్లకు చేరి, ఇంటికొచ్చిన ఎన్యూమరేటరుకు వివరాలు చెప్పుకున్నారు. ఆ సమగ్ర కుటుంబ సర్వే తర్వాతి కాలంలో వేర్వేరు శాఖల జాబితాలను పేరుకు పేరు, చిరునామాకు చిరునామా కలిపి చూసే 'సమగ్ర వేదిక' వచ్చింది. పేర్లు దగ్గరగా ఉంటే మనిషి ఒక్కడే అని తేల్చే జ్ఞానయంత్రం అది. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు, పేరు కాస్త కలిసిన ఇంకొకాయన కారు ఇలాగే అంటుకుంది, ఆ ఇంటికి రేషన్ కార్డు లేకుండా పోయింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని, అదీ మనుషులు ఇళ్లకు వెళ్లి చూడమని, సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. మనుషులు వెళ్లి మనుషులను చూడటమనే ఈ పురాతన పద్ధతిని అంత పెద్ద న్యాయస్థానం ప్రోత్సహించడం సాంకేతిక ప్రగతికి గొడ్డలిపెట్టని కొందరికి అనిపించి ఉండొచ్చు.

ఛాయగారికి కుటుంబం కూడా ఉంటుంది. మీ అబ్బాయి పెళ్లై, ఉద్యోగమొచ్చి, వేరు కాపురం పెట్టి, మీకు ఫోన్ చేయడం కూడా మానేసి ఉండొచ్చు. ఎవరు ఏ కుటుంబమో రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మాత్రం ఛాయగారు కొడుకూ కోడళ్లతో ఒకే ఇంట కలిసిమెలిసి ఉంటారు. ఉమ్మడి కుటుంబ వ్యవస్థ కూలిపోయిందని బాధపడే పెద్దలు ఒకసారి ఆ డేటాబేసు చూస్తే ఊరట పొందుతారు. విడగొట్టించడానికి పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి లగ్నపత్రిక దాచుకుంటే చాలదు, పెళ్లిని రిజిస్టరు చేయించుకుని ఉంచుకోవాలి. ఇంటికి ఒకటే పింఛను అన్న నియమం సాధారణంగా అమల్లో ఉండబట్టి (దివ్యాంగులకు, డయాలిసిస్ రోగులకు మినహాయింపు) ఈ విడాకులు చాలా ఖరీదైనవి.

మరణం విషయంలోనూ ఛాయగారిది వేరే కాలమానం. భర్త పోయాక దినకర్మలు ముగిసినా, ఆయన ఛాయ చనిపోయేది మరణ ధ్రువపత్రం వచ్చిన రోజునే. అందాకా భార్య ముత్తైదువే. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గరో మున్సిపాలిటీలోనో నమోదు చేయిస్తే పైసా ఖర్చు ఉండదు. 30 రోజుల్లోపు ఆలస్య రుసుము, ఏడాదిలోపు పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవన్నీ ఎవరు చెబుతారు? అందుకే పెద్దకర్మకు పిలిచే బంధువుల్లో సచివాలయం డిజిటల్ అసిస్టెంటు ఒకరుండటం మేలు. ఆంధ్రలో భర్త పింఛను తీసుకుంటూ పోతే దాన్ని భార్యకు ఇచ్చే 'స్పౌజ్' కేటగిరీ ఇప్పుడుంది. అదైనా ఈ కాగితం దగ్గరే మొదలవుతుంది.

ఛాయగారి పేరు మీ పేరు ఒకటే అయి ఉండాలన్న నియమమేమీ లేదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కేఎస్‌హెచ్‌తో రాస్తే ఒక మనిషి, ఎక్స్‌తో రాస్తే ఇంకో మనిషి. పుట్టింటి ఇంటిపేరు బ్యాంకులో, అత్తింటి ఇంటిపేరు ఆధార్‌లో. పుట్టినరోజు అయితే ఊళ్లో ముసలివాళ్లందరిదీ జనవరి 1, ఆ రోజున మంత్రసానులు ఎంత కష్టపడ్డారో పాపం. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి ఆ ఒక్క అవకాశాన్ని పదో తరగతి సర్టిఫికెట్ లాంటి గట్టి ఆధారం లేకుండా వాడేస్తే, అరవయ్యో ఏడు మళ్లీ మళ్లీ వాయిదా పడుతుంది. వివరాల మార్పుకు 75, వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్‌కు 125 రూపాయలు, 2025 అక్టోబరు 1 నుంచి ఇదీ ధర. రసీదు తీసుకోవాలి. అది లేకపోతే అప్‌డేట్ చేయించారని ఛాయగారు కూడా సాక్ష్యం చెప్పరు.

వేలిముద్రల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, పని చేసినవాళ్ల వేళ్లు అరిగిపోతాయి, చేయనివాళ్లవి మెరుస్తూ ఉంటాయి. యంత్రానికి రెండో రకమే ఇష్టం. సున్నం, సిమెంటు, అంట్లు, పొగాకు అంటిన చేతులను గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు పెట్టి చూడాలి. అదీ పడకపోతే ఐరిస్ (కంటిపాప) యంత్రం పెట్టమని అడగాలి, అడగందే తీయరు. ఆంధ్రలో పింఛను పంచే ఒకటో తారీఖున ఊళ్లో లేకపోయినా కంగారు పడక్కర్లేదు, రెండు నెలల పింఛను ఆగినా మూడో నెల కలిపి ఇస్తారు.

డబ్బు మంజూరైంది, ఖాతాలో మాత్రం పడలేదు అంటే ఛాయగారు వేరే బ్యాంకులో ఖాతా తెరిచారని అర్థం. చాలా పథకాల డబ్బు ఖాతా నంబరును బట్టి కాదు, ఆధార్‌ను బట్టి వెళుతుంది. ఏ బ్యాంకును చివరిగా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మీ ఆధార్‌కు కలిపారో అందులో పడుతుంది. రీచార్జి షాపులో కొత్త సిమ్ముతో పాటు వేలు పెట్టించుకుని తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఉందే, డబ్బంతా అక్కడ భద్రంగా మూలుగుతూ ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి "ఆధార్ లింక్ చేయండి" అంటే పాసుపుస్తకానికి కలిపి పంపేస్తారు. "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయండి" అనాలి, దానికి వేరే ఫారం ఉంటుంది. మైఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో లోపలికి వెళితే ఏ బ్యాంకో కనబడుతుంది. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఇప్పటి ఫోన్ నంబరు కలిసి ఉండాలి, దానికి కాగితాలేమీ అక్కర్లేదు, ఆధార్ కేంద్రంలో వేలు చాలు. పోస్టుమ్యాన్ చేత కూడా చేయించుకోవచ్చు. ఉత్తరాలు పోయాక ఆయనకు మిగిలిన ఘనకార్యాల్లో ఇదొకటి.

ఇంతా చేసినా తిరస్కరిస్తే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, ఆంధ్రలో 1100కు ఫోన్ చేయవచ్చు, ప్రభుత్వం నడిపే 'మన మిత్ర' వాట్సాప్ 9552300009లోనూ చెప్పుకోవచ్చు. మీ అర్జీ కలెక్టరు నుంచి జిల్లా శాఖకు, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి, మీరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో సరిగ్గా ఆ బల్ల దగ్గరికి చేరుతుంది. అపరాధిని అడగకుండా తీర్పు చెప్పడం సహజ న్యాయానికి విరుద్ధం కదా. కొన్నాళ్లకు 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. ఎవరి సమస్య పరిష్కారమైందో అందులో ఉండదు. అప్పుడు మళ్లీ తెరవమని అడగాలి. అంతకన్నా చురుకైన మందు సమాచార హక్కు అర్జీ. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై 10, గడువు 30 రోజులు. "న్యాయం చేయండి" అని రాయకూడదు, దానికి జవాబుండదు. "నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి లాగిన్‌కు వెళ్లింది, ఏ నిబంధన కింద తిరస్కరించారు, పరిశీలన నివేదిక నకలు ఇవ్వండి" అని రాయాలి. లాగిన్ అన్న మాట వినగానే ఎంపీడీవో ఆఫీసులో కుర్చీలు సర్దుకుంటాయి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయ పరిమితి కూడా చూడరు.

చివరగా ఒక తీవ్రమైన లోపాన్ని ప్రభుత్వం దృష్టికి తేవాల్సి ఉంది. ఆంధ్రలో 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పొద్దున ఏడున్నరకు ఇడ్లీయో పూరీయో పెడుతున్నారు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు వడ్డిస్తున్నారు, రాత్రి ఏడున్నరకు మళ్లీ తెరుస్తున్నారు. పూటకు 5 రూపాయలిస్తే టోకెన్ చేతిలో పెడుతున్నారు. వేలిముద్ర లేదు, ఐరిస్ లేదు, మాగాణా మెట్టా అని అడిగే నాథుడు లేడు. ఎదురుగా ఆకలితో నిలబడ్డ మనిషిని చూసి, తెర వంక ఒక్కసారైనా చూడకుండా, గరిటెతో అన్నం పెట్టేస్తున్నారు. ఆ పూట ఛాయగారు ఏసీ గదిలో భోంచేశారో లేదో కనుక్కునే ఏర్పాటే లేదు. ఆదివారం సెలవు ఇస్తున్నారు గనుక కనీసం ఆ ఒక్క రోజైనా ఈ విషయం ఎవరైనా పరిశీలించాలి.