కుక్కరు కూత వేసింది కాబట్టి భూకంపం రాదట!

"హిమాలయాల గురించి శాస్త్రవేత్తలు దాచిన ఐదు నిజాలు" అనే మెసేజీ ఈ నెలలో నాకు ఏడోసారి వచ్చింది. ఈసారి పంపింది డెహ్రాడూన్‌లో ఇల్లు కట్టుకుంటున్న మా బావగారు. కింద "నువ్వు జియాలజీ చదివావు కదా, చూడు" అని ఒక వాక్యం, రెండు దండాల బొమ్మలు. చూశాను బావగారూ.

మొదటి నిజం: ఎవరెస్టు మీద సముద్రజీవుల ఆనవాళ్లున్నాయి, కాబట్టి జలప్రళయంలో నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయి. ఆనవాళ్లున్న మాట వాస్తవమే. శిఖరాన ఉన్నది సున్నపురాయి, అందులో ట్రైలోబైట్లనే పురాతన సముద్రజీవుల పెంకుల ముక్కలున్నాయి. కానీ వరద వదిలిన గవ్వలైతే రాతి మీద పడి ఉండాలి. ఇవి 40 కోట్ల ఏళ్లకు పైగా రాయిలో రాయిగా ఉన్నాయి. నీళ్లు కొండెక్కలేదు, సముద్రపు అడుగే కొండెక్కింది.

రెండోది: హిమాలయాలు చల్లారిన అగ్నిపర్వతాలు. కావు. తర్వాత?

మూడోది: పాత రాళ్లు పైన, కొత్త రాళ్లు కింద ఉన్నాయి కాబట్టి వయసు లెక్కలన్నీ బూటకం. చాపను గోడకేసి నెట్టి చూడండి. ముందు ముడత పడుతుంది, ఇంకా నెడితే ఆ ముడత పక్క భాగం మీదికి ఒరుగుతుంది. రాయైతే అక్కడ పగిలి, పగులు వెంట పైకి జారుతుంది. మీ ఇంటి మేడ మీంచి కనిపించే ముస్సోరీ కొండల్లో 50 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు, 2 కోట్ల ఏళ్లు కూడా నిండని శివాలిక్ ఇసుకరాయి మీదికి ఎక్కి కూర్చున్నది ఇలాగే.

నాలుగోది: దక్షిణాది రాయి గట్టిది, ముడత పడదు. మీరు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక మరి ఎక్కడిది? నల్లమల రాళ్లు ముడతలు పడినప్పుడు ఆ ఒత్తిడికి బురదరాయిలోని రేణువులు ఒకే వరసలో పడుకున్నాయి. ఉలి పెట్టి తడితే రేకుల్లా విడివడేది అందుకే. హిమాలయాలు పుట్టక ఎంతో ముందే ఇక్కడ ఆ పని పూర్తయింది.

ఇక ఐదోది. "చిన్న ప్రకంపనలు కుక్కరు విజిల్ లాంటివి. ఒత్తిడి ఎప్పటికప్పుడు పోతోంది. పెద్ద భూకంపం రాదు, నిశ్చింతగా ఇళ్లు కట్టుకోండి."

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 8 తీవ్రత భూకంపంలో విడుదలయ్యే శక్తి 4 తీవ్రతవాటితో బయటికి పోవాలంటే అవి 10 లక్షలు రావాలి. రోజుకు 27 చొప్పున వందేళ్లు. అన్ని కూతలు కూసే కుక్కరు ఎవరింట్లో ఉందో చెబితే వెళ్లి చూసొస్తాను.

హిమాలయాల అడుగున భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపొర ముక్క, ఏటా సుమారు 2 సెంటీమీటర్లు దూరాలి. పగులు బిగుసుకుపోయి ఉంటే ఆ దూరం బాకీ పడుతుంది. పశ్చిమ నేపాల్‌లో అతి పెద్ద భూకంపం వచ్చింది 1505లో. అప్పటినుంచి బాకీ లెక్కేస్తే 10 మీటర్లు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చినప్పుడు కాఠ్మాండూ సుమారు ఒక మీటరు పైకి లేచింది, దాదాపు 9,000 మంది పోయారు. అయినా ఆ జారుడు దక్షిణాన నేల పైకి రాకుండా లోపలే ఆగిపోయింది, అంటే బాకీ పూర్తిగా తీరలేదు. అంత పెద్ద విజిల్ వేశాక 17 రోజులకు, మే 12న, మళ్లీ 7.3 వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం ఓడిపోయాను. సాలగ్రామాలు సముద్రజీవులేనని మెసేజీ చివర ఉంటే, అదీ కల్పనే అని కొట్టేయబోయాను. అది నిజం. నేపాల్‌లోని కాళీగండకి నదిలో దొరికేవి జురాసిక్ కాలపు అమ్మోనైట్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్లలున్న సముద్రజీవుల శిలాజాలు. మా అమ్మమ్మ పూజపెట్టెలో నల్లటి గుండ్రాయిలోని చక్రపు గీతలను నేను చిన్నప్పుడు వేలితో తడిమేవాణ్ని. జియాలజీ చదివిన ఇన్నేళ్లలో ఆ రెంటినీ ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

బావగారూ, మీ స్థలానికి ఉత్తరాన ముస్సోరీ పాదాల దగ్గర ఒక పగులు, దక్షిణాన మోహండ్ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. ఈ మెసేజీ మీ మేస్త్రీకి కూడా పంపారని అక్కయ్య చెప్పింది. రేపు పొద్దున్నే వెళ్లి, స్తంభాల్లో నిలువు కమ్మీల చుట్టూ రింగులు ఎంత దగ్గరగా కడుతున్నాడో టేపు పెట్టి కొలవండి.