నిషేధం సరే, లైసెన్స్ సంగతేంటి?
క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పుల తర్వాత నెల తిరక్కుండా చాలా రకాల సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా పేల్చి, తనంతట తానే మళ్లీ లోడయ్యే) తుపాకులు నిషేధించి న్యూజిలాండ్ దారి చూపిందన్నారు వ్యాసంలో. మంచిదే, కానీ చిల్లు పడింది లైసెన్స్ దగ్గర. 2019 మార్చి 15న 51 మందిని (హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు అందులో) పొట్టనబెట్టుకున్నవాడిది మామూలు ‘A’ కేటగిరీ తుపాకీ లైసెన్సే. లైసెన్స్ ఇచ్చేముందు వాడి గురించి దగ్గరి బంధువును అడగాల్సిన పోలీసులు, ఆన్‌లైన్ గేముల్లో పరిచయమైన స్నేహితుణ్ని, ఆ స్నేహితుడి కన్నవారిలో ఒకరిని అడిగి సరిపెట్టుకున్నారు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు ఆ లైసెన్సు మీద అప్పట్లో ఏడు తూటాల మ్యాగజైనే (తూటాలు నింపే పెట్టె) హద్దు. పెద్ద మ్యాగజైన్ కొనడానికి మాత్రం ఏ కాగితమూ చూపక్కర్లేకపోయింది! ఇదెక్కడి చోద్యం? బైబ్యాక్‌లో (నిషేధించిన తుపాకుల్ని ప్రభుత్వమే డబ్బిచ్చి తీసుకున్న పథకం) 56 వేల పైచిలుకు తుపాకులు వెనక్కొచ్చాయి నిజమే. ఇంకా ఎన్ని ఇళ్లలో ఉండిపోయాయో ఎలా తేలుతుంది? ప్రతి తుపాకీనీ నమోదు చేసే రిజిస్ట్రీ మొదలైందే 2023 జూన్‌లో.