సవరణ: ఈఎక్స్‌టీ4లో అట్రిబ్యూట్ సైజు లెక్క

నల్లగొండలో మా పిల్లలకు నేర్పడానికి రాసిన టెస్ట్ స్క్రిప్ట్‌ను పోయిన పోస్టులో పెట్టాను. ఈఎక్స్‌టీ4లో (లినక్స్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి, అంటే ఫైల్‌సిస్టమ్) ఒక ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్ (ఫైల్‌కు పేరు పెట్టి తగిలించే అదనపు సమాచారం) విలువ 4096 బైట్ల దాకా పడుతుందని అందులో రాశాను. అది తప్పు.

దేవరకొండ నుంచి వచ్చే తమ్ముడొకతను 256 ఎంబీ ఫైల్‌ను డిస్కులా వాడి స్క్రిప్ట్ నడిపితే "స్థలం లేదు" అని ఎర్రర్ వచ్చింది. డిస్కు చూస్తే దాదాపు ఖాళీ. పాపం, రెండు రోజులు తన తప్పేమోనని టెన్షన్ పడ్డాడు. తప్పు నా లెక్కదే.

512 ఎంబీ కన్నా చిన్న డిస్కుకు ఫార్మాట్ కమాండ్ మామూలుగా 1024 బైట్ల బ్లాక్ (డిస్కును విడగొట్టే ముక్క) ఎంచుకుంటుంది. పెద్ద విలువ అలాంటి ఒక్క బ్లాక్‌లోనే పట్టాలి. ఆ బ్లాక్ కూడా మొత్తం మనది కాదు. బ్లాక్ మొదట్లో ఉండే హెడర్‌కు 32, ఒక్కో అట్రిబ్యూట్ వివరాలు రాసే ఎంట్రీకి 16, జాబితా ముగిసిందని చెప్పే చివరి సున్నాలకు 4 బైట్లు పోతాయి. అట్రిబ్యూట్ పేరు పొడవును నాలుగు గుణిజానికి పెంచి లెక్కపెట్టాలి, ముందుండే "యూజర్." భాగాన్ని మాత్రం కలపొద్దు, దాని బదులు ఒక అంకె నిల్వ ఉంటుంది. నాలుగక్షరాల ఇంగ్లీషు పేరైతే మొత్తం 56 పోతాయి. అంటే విలువకు 1024 బ్లాక్‌లో 968, 4096 బ్లాక్‌లో 4040 బైట్లు మిగులుతాయి. ఆ బ్లాక్‌లో వేరే అట్రిబ్యూట్లుంటే ఇంకా తగ్గుతుంది.

ఒక విలువకు 65,536 బైట్లు అనేది లినక్స్ కెర్నల్ (లినక్స్‌లోని మూల ప్రోగ్రామ్) పెట్టిన గరిష్ఠ హద్దు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ అంతదాకా తీసుకుంటుంది. ఈఎక్స్‌టీ4లో పెద్ద విలువలకు వేరే ఐనోడ్ (ఫైల్ వివరాలుండే రికార్డు) వాడే ఫీచర్ ఆన్ చేయకపోతే పై లెక్కే.

స్క్రిప్ట్‌లో 4096 తీసేసి, బ్లాక్ సైజును ఫైల్‌సిస్టమ్‌నే అడిగేలా మార్చాను. పాతది దించుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి.