పుండ్లను దాచని చిత్రకారులు

శిలువ మీద క్రీస్తును చూపడం క్రైస్తవ కళలో మొదటి నుంచీ ఉన్నది కాదు. రోమ్ భూగర్భ సమాధుల గోడల మీద తొలి క్రైస్తవులు గీసుకున్నది మంచి కాపరిని, పెద్ద చేప కడుపులోంచి బయటపడిన యోనాను. తర్వాత శిలువ బొమ్మలు వచ్చినా, చాలాకాలం వాటిలో క్రీస్తు కళ్లు తెరిచి, నొప్పే తెలియని రాజులా ఉంటాడు. 13వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ప్రభావంతో ఇటలీ బొమ్మల్లో ఆ తల వాలింది, కళ్లు మూతపడ్డాయి.

దీంతో భక్తి పెరిగిందని తేల్చేస్తే సరిపోదు. నెత్తురు ఎంత గీసినా చూసేవాడికి జాలి పుట్టి, అక్కడితో ఆగిపోవచ్చు. ఆ బాధను ఎవరి కళ్ల ముందు పెట్టారన్నదే నా దృష్టిలో అసలు సంగతి.

మథియాస్ గ్రూనెవాల్డ్ 1512-1516 మధ్య గీసిన ఇసెన్‌హైమ్ బలిపీఠం (చర్చిలో బలిపీఠం మీద నిలబెట్టే, తెరిచి మూసే చిత్రపలకలు) ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కోల్మార్ మ్యూజియంలో ఉంది. అందులో క్రీస్తు ఒళ్లంతా పుండ్లు. చర్మంలో విరిగిన ముళ్లు, మేకుల చుట్టూ కొంకర్లు పోయిన వేళ్లు. అందం వెతికేవాళ్లకు ఇది మరీ అతిగా కనిపిస్తుంది. కానీ ఈ బొమ్మ మొదట ఉన్నది ఇసెన్‌హైమ్‌లో, సెయింట్ ఆంథోనీ సన్యాసుల ఆశ్రమంలో. ఎర్గాట్ అనే బూజు పట్టిన రై ధాన్యం తిని, కాళ్లూ చేతులూ మంటలెత్తి కుళ్లిపోయే రోగులకు వాళ్లు వైద్యం చేసేవారు. అలాంటి రోగి దీని ముందు నిలబడితే తన ఒళ్లే తనకు కనిపిస్తుంది. శిలువ పక్కన బాప్తిస్మమిచ్చు యోహాను వేలు చూపుతూ ఉంటాడు. నిజానికి ఆయన అప్పటికే చనిపోయాడు. గ్రూనెవాల్డ్‌కు ఆ పట్టింపు లేదు. ఆ చేతి పక్కనే లాటిన్ అక్షరాల్లో, 'ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది.' తలుపుల్లాంటి ఆ పలకలు తెరిస్తే లోపల పునరుత్థానం, అంటే చనిపోయిన క్రీస్తు తిరిగి లేవడం: అదే శరీరం, పుండ్లన్నీ మానిపోయి వెలిగిపోతూ. మేకుల గుర్తులు మాత్రం అలాగే ఉంచాడు. నయమవుతుందన్న ఆశ రోగికి దొరికేది ఇక్కడే.

హాన్స్ హోల్బైన్ 1521-22లో గీసిన క్రీస్తు మృతదేహం ఆ ఆశ కూడా ఇవ్వదు. మనిషి పొడవు, అడుగు ఎత్తు ఉన్న పలకలో తెరుచుకున్న నోరు, రంగు మారుతున్న చెయ్యి. దేవదూతలు లేరు, ఏడ్చే తల్లీ లేదు. 1867లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దీన్ని చూసి రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ చలించిపోయాడు. ఇది చూస్తే ఉన్న విశ్వాసం కూడా పోవచ్చని 'ఇడియట్' నవలలో ఒక పాత్ర చేత అనిపించాడు. ఆ మాటలో నిజం ఉంది. అయినా నేను ఈ బొమ్మ వైపే ఉంటాను, ఎందుకంటే సమాధి మూసిన సాయంత్రం శిష్యులకు మిగిలింది ఇంతే. ఆదివారం ఆయన తిరిగి లేస్తాడన్న సంగతి ముందే తెలిసినవాళ్లలా గీస్తే, వాళ్లు పడ్డ భయం, అనుమానం రెండూ అబద్ధమైపోతాయి.