మహారాజశ్రీ అందాజు గారికి

గుంటూరు పక్కన మూడు ఆవులు, ఒక గేదెతో బతుకీడుస్తున్న పాడిరైతు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మా జెర్సీ ఆవు కూడా క్షేమమేనని మీరు ఊరంతా చెప్పారట. ఆవుని ఒక మాట అడిగి ఉండాల్సింది.

మొన్న ఎండాకాలం దానికి జ్వరం తగిలితే అందరికంటే ముందు మా పాకలోకి వచ్చింది మీరే. పూటకి ఆరు లీటర్లిచ్చేది రెండుకి పడింది. కనురెప్ప లాగి చూస్తే ఎర్రదనం లేదు, పసుపు తిరిగింది. చెవి మడతలోనూ తోక కిందా ఆముదం గింజల్లా గోమార్లు, అదే రక్తం పీల్చే పిడుదులు. మీరు గడప దాటకుండానే "థైలేరియా" అన్నారు, అదో గోమారి జబ్బు. ఖరీదైన ఇంజక్షన్ పడింది, జ్వరం దిగలేదు. మర్నాడు "అయితే బెబీసియా" అన్నారు. ఆ జబ్బుకి ఎర్రమూత్రం రావాలి, ఇది పొయ్యట్లేదు కదండీ అంటే, "పోస్తుందిలే" అని ధైర్యం చెప్పారు!

అద్దం పలక మీద రక్తపు చుక్క పూసి, రంగేసి చూశారు. ఏమీ లేదన్నారు. ఉన్నా దొరకడం కష్టమేలెండి. అనాప్లాస్మా అనే బ్యాక్టీరియా ఎర్ర రక్తకణం అంచున చిన్న చుక్కలా కూర్చుంటుంది. 1910లో దక్షిణాఫ్రికాలో దాన్ని గుర్తించిన ఆర్నాల్డ్ థైలర్, అంచున ఉంటుంది కాబట్టే మార్జినేల్ అన్నాడు. (మీరు మొదటిరోజు వాడేసిన థైలేరియా కూడా ఆయన పేరు మీదిదే. పాపం, మీ చేతిలో పడింది.) అద్దం మీద రంగు మరక పడ్డా అచ్చం అలాగే కనిపిస్తుంది.

చివరికి ఊదారంగు మూత గొట్టంలో రక్తం పట్టించి, ఐసు డబ్బాలో పెట్టుకుని విజయవాడ బస్సెక్కాను. మంగళగిరి దాటేదాకా పక్క సీటాయన దాన్ని ఐస్‌క్రీమే అనుకున్నాడు. ల్యాబ్‌లో పిసిఆర్ చేశారు. రక్తంలోంచి డిఎన్ఏ తీసి, ఆ క్రిమికి మాత్రమే ఉండే జన్యువు ముక్కని వెతికి పట్టుకుని రెట్టింపు, రెట్టింపు చేస్తారట. ముప్పైసార్లు రెట్టిస్తే ఒక్కటి లెక్కప్రకారం 107 కోట్లవుతుంది. ఇక దాక్కోవడానికి చోటెక్కడ? ఆ ముక్కలో అక్షరాలు వరసగా చదివి, ఇదే కులంలో ఏ ఇంటిదో కూడా చెప్తారు. మా దానికి తేలింది అనాప్లాస్మా మార్జినేలే. థైలేరియా, బెబీసియా అసలు బ్యాక్టీరియాలే కావు, ఏకకణ జీవులు. వాటి మందులు వేరు. దీనికి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పడగానే నాలుగు రోజుల్లో ఆవు మేతకి మూతి పెట్టింది.

ఆ మర్నాడే మీరు రచ్చబండ దగ్గర "నే చెప్పలా, గోమారి జ్వరమని" అన్నారట. చెప్పారండీ. మూడు జబ్బుల పేర్లలో రెండు వాడేశారు, మూడోది మీ నోటిదాకా వచ్చే ఉంటుంది.

ఒక్క మనవి. తేరుకున్న ఆవులో కూడా ఈ క్రిమి ఏళ్లతరబడి కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. పలక మీద కనపడదు, పిసిఆర్‌కి చిక్కుతుంది. గోమార్లతోనే కాదు, కుట్టే ఈగలతో, రక్తం అంటిన సూదితో కూడా పక్క పశువుకి పాకుతుంది. ఆ రోజు మా ఆవుకి పొడిచిన సూదితోనే అవతలింటి పశువుకీ పొడిచారని ఇప్పుడు గుర్తొస్తోంది. వాళ్లావుకి నిన్న రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతోంది. మీకు ఈపాటికే కబురు అంది ఉంటుంది. వచ్చేటప్పుడు కొత్త సూది తెచ్చుకోండి.

ఇట్లు,
ఐసు డబ్బా కడుక్కుంటున్న
మీ పాడిరైతు